సూదుల మామయ్యకు వేసిన మార్కులు

పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపు మొదలైన రోజున మా ఆవిడ పోయింది. పొద్దున పదకొండు గంటలకు. అప్పటికి పద్నాలుగు పేపర్లు దిద్దాను. పదిహేనో పేపర్లో ఎవరో ఒక లెక్కను మూడొంతులు సరిగ్గా చేసి, చివరి మెట్టు దగ్గర తప్పారు. మూడు మార్కులు వేయాలా, రెండున్నర వేయాలా అని ఆలోచిస్తుంటే క్యాంపు గుమాస్తా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆసుపత్రి నుంచి ఫోను, వెంటనే రమ్మంటున్నారు అన్నాడు. ఆ చెయ్యి బరువులోనే నాకు సంగతి తెలిసిపోయింది. అయినా ముందు మార్కు వేసి, పెన్నుకు మూత పెట్టి, అప్పుడు లేచాను. ఎంత వేశానో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రాదు.

అంతకు ముందు ఆసుపత్రిలో గడిచిన ఐదు వారాల గురించి నేను రాయను. కడుపులో జబ్బు, కనిపెట్టేసరికి ఆలస్యమైంది అన్నారు. ఆ తర్వాత వచ్చిన వేసవి సెలవుల గురించి మాత్రం రాస్తాను. ఆ సెలవుల్లో నేనొక మనిషిని చూసి కుళ్ళుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, మాట తూచి మాట్లాడతానని నలుగురిలో పేరుంది. అందుకని ఆ మాటకు ఇంకో మర్యాదైన మాట వెతకడం లేదు.

పది రోజుల తర్వాత ఆ మనిషి మా ఇంటికి వచ్చాడు. తలుపు మా అక్కయ్య తీసింది. ఆవిడ అప్పటికే నాకూ మా అమ్మాయికీ అండగా ఉండటానికి వచ్చి, వంటిల్లు తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎవరో టైలరట రా. మెళ్ళో టేపు కూడా తియ్యకుండా వచ్చేశాడు."

నాకు తెలుసు. పోస్టాఫీసుకు ఎదురుగా, మేడమెట్ల కింద ఆయన కొట్టు. మా ఆవిడ పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తా. వాళ్ళ గోధుమరంగు యూనిఫారం కోట్లన్నీ ఆయనే కుడతాడు. బడి వదిలాక మా అమ్మాయి వాళ్ళమ్మ డ్యూటీ అయ్యేదాకా ఆ కొట్లోనే బల్ల మీద కూర్చుని హోంవర్కు రాసుకునేది. ఆయన నోట్లో ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉంటాయని సూదుల మామయ్య అని పేరు పెట్టింది. నాకు ఆయనతో ఉన్న పరిచయం, దారిలో కనిపిస్తే తల ఊపడం వరకే.

కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. యాభయ్యేళ్ళు దాటి ఉంటాయి. కుట్టుమిషను మీద వంగి వంగి ఒక భుజం కిందికి దిగిపోయింది. ఒళ్ళో ఒక అట్టఫైలు.

"అమ్మగారి కాగితాలు సార్. మీకు ఎప్పుడివ్వాలో తెలీక ఇన్నాళ్ళు ఆగాను."

"ఏం కాగితాలు?"

"పాలసీవి. నేను జీవిత బీమా ఏజెంటుని కూడా కద సార్. కుట్టుపని సాగని రోజుల్లో మొదలుపెట్టా, పంతొమ్మిదేళ్ళయింది. అమ్మగారు మూడేళ్ళ క్రితం తీసుకున్నారు. నామినీ మీరే."

మూడేళ్ళ క్రితం ఒకసారి మా ఆవిడ నన్ను బీమా చేయించుకోమని అడిగిన మాట నిజం. ఎవరు ముందు పోతారా అని పందెం కాయడమా అని నేను నవ్వి, పేపర్లు దిద్దుకున్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకుండా వెళ్ళి తన పేరు మీద తీసుకుందన్నమాట.

ఫైలు తెరిచాను. పైన ఆమె దరఖాస్తు నకలు ఉంది. నింపింది ఆయన, సంతకం ఆమెది. ఎత్తు, బరువు. తోబుట్టువుల గడిలో: 'ఒక అన్న, రెండేళ్ళ వయసులో మరణం.' ఆమెకు ఒక అన్న ఉండేవాడని నాకు తెలియదు. గుర్తింపు చిహ్నం గడిలో: 'ఎడమ మోచేతి లోపలివైపు కాలిన మచ్చ, ఏడేళ్ళప్పటిది.'

ఆ మచ్చ నాకు తెలుసు. పదిహేడేళ్ళుగా దాన్ని పుట్టుమచ్చ అనుకుంటున్నాను.

ఈలోగా గదిలోంచి మా అమ్మాయి వచ్చింది. దానికి పదమూడేళ్ళు. ఆ పది రోజులూ అది నా ముందు కన్నీటి చుక్క రాల్చలేదు. అన్నం పెడితే తింది, పడుకోమంటే పడుకుంది. మా అక్కయ్య కూడా ఈ పిల్ల గుండె గట్టిది అని మెచ్చుకుంది. ఆయన్ను చూడగానే "మామయ్యా" అంది. అని, నేరుగా వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూలబడి, ఆయన మోకాలికి తల ఆనించి ఏడ్చింది. ఆయన మెళ్ళో టేపు తీసి పక్కన పెట్టి, దాని తలమీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

నేను ఫైలు మూసి, కళ్ళజోడు తుడుచుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆయన వెళ్ళాక అక్కయ్య అంది: "బంగారం లాంటి మనిషి. ఒరే, నువ్వు కూడా ఆయన చేతే ఒక పాలసీ చేయించుకో. ఇక ఈ పిల్లకి నువ్వొక్కడివే. నీకేదన్నా అయితే దీని గతేంటి?"

"చేయించుకుంటాను. ఆయన దగ్గర కాదు."

"ఏం? ఏం చేశాడూ?"

"ఏం చెయ్యలేదు."

"మరి?"

"ఈ ఊళ్ళో ఏజెంట్లే లేనట్టు మాట్లాడతావేంటక్కా? నలుగుర్ని చూసి ఎంచుకుంటాను."

"సరే, ఎంచుకో. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. రేపు నువ్వు లేకపోతే, ఆ కాగితాలు పట్టుకుని ఇది ఎవరి గుమ్మం ఎక్కాలి? ఎవడు దీన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మాట్లాడతాడు? అది చూసి ఎంచుకో. కంపెనీలూ వడ్డీలూ నాకు తెలీవు."

*

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పొడుగు నోటుబుక్కు తీసి పది ప్రశ్నలు రాశాను. ప్రశ్నకు పది మార్కులు. ఈ పనిలో ఎన్నేళ్ళుగా ఉన్నారు? మీరు మధ్యలో మానేస్తే మా కాగితాలు ఎవరు చూస్తారు? ఏ పాలసీ వద్దని చెబుతారు, ఎందుకు? మీ దగ్గర పాలసీ తీసుకున్నవాళ్ళు పోతే ఎన్నో రోజున ఆ ఇంటికి వెళతారు? ఇలాంటివి. ఎవరికీ తేడా లేకుండా అందరినీ అవే అడగాలనుకున్నాను.

"పెళ్ళిచూపుల్లో కూడా నువ్వు ఇన్ని అడగలేదు కదరా" అంది అక్కయ్య.

అది నిజం. నేనేమీ అడగలేదు.

మొదట వచ్చినాయన మండే ఎండలో టై కట్టుకుని వచ్చాడు. చేతిలో పలకలాంటి ఫోను. చావు అనే మాట ఆయన నోట రాలేదు. "సంఘటన" అంటాడు.

"రేపు ఏదైనా సంఘటన జరిగిందనుకోండి సార్, మేడమ్ గారికి వెంటనే..."

"మేడమ్ గారు లేరు."

"ఓ. సారీ సార్. అయితే పాపగారికి వెంటనే..." అని వేలితో ఫోను మీద ఏదో జరిపాడు. మేడమ్ గారిని అంత సులువుగా జరపొచ్చని నాకు తెలియదు. ముప్పై ఎనిమిది మార్కులు.

తర్వాత ఒక పెద్దావిడ వచ్చింది. నలభై ఏళ్ళ అనుభవం. అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. మెట్లు ఎక్కలేక మధ్యలో రెండుసార్లు కూర్చుంది. వెళ్ళాక అక్కయ్య మెల్లిగా అంది: "మనిషి మంచిదే గానీ, మనం పోయినరోజున ముందు ఈవిడ ఉందో లేదో కనుక్కోవాలేమోరా." చాలా రోజుల తర్వాత మా ఇంట్లో నవ్వు వినిపించింది. మా అమ్మాయి నవ్వింది. ఆవిడకు అరవై రెండు.

మూడోవాడు మా బడి డ్రిల్లు మాస్టారు. వాళ్ళావిడ పేరు మీద ఏజెన్సీ, తిరిగేది ఈయన. గుమ్మంలోంచే గొంతు వినిపిస్తుంది.

"గురువుగారూ! బయటివాళ్ళని పిలిచి నన్ను మర్చిపోతారా? ఇదేం న్యాయం? మన స్టాఫు రూములో పద్దెనిమిది మందికి నేనే చేశా!"

ప్రశ్నలన్నిటికీ అదే ఉత్సాహం. నాలుగో ప్రశ్న అడిగితే మాత్రం రెండు చెవులూ మూసుకున్నాడు. "శుభమా అని పాలసీ రాసుకుంటుంటే పోవడాలేంటి మాస్టారూ! మీరు నూరేళ్ళుంటారు. నేను గ్యారంటీ!"

డెబ్బై ఒకటి వేశాను. ఆయనలో నాకు నచ్చింది ఏమిటో ఆ రోజు నాకు నేను చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతాను. ఆయనకు మా ఆవిడ గురించి ఏమీ తెలియదు.

"ఇక చాలు. ఈయనే" అన్నాను.

"అదేంటి? పరీక్ష అన్నాక అందరికీ పెట్టాలిగా. నువ్వు మాస్టారివేనా?" అంది అక్కయ్య. నేను వద్దంటున్నా వినకుండా టైలరుకు కబురు పెట్టింది.

ఆయన మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చాడు. అదే కుర్చీ, అదే అంచు. నేను నోటుబుక్కు తెరిచాను.

"ఎన్నో రోజున వెళతారు?"

"ఒక రోజంటూ లేదు సార్. ఏడిచే చుట్టాలు వెళ్ళిపోయాక, పని చేసే చుట్టాలు మిగిలిన రోజు చూసుకుని వెళ్తా."

పదికి పది రావలసిన జవాబు. ఆరు వేశాను.

"మీరు ఈ పని మానేస్తే?"

"మా తమ్ముడి కూతురికి నేర్పుతున్నా. నా దగ్గరున్న నూట నాలుగు ఇళ్ళూ దానికి చూపించా. మీ ఇల్లు కూడా బయటినుంచి చూసింది."

ఐదు.

"మీ దగ్గరే ఎందుకు తీసుకోవాలి?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "తీసుకోమని నేను అడగలేదు కద సార్. అక్కగారు పిలిస్తే వచ్చా."

అది పొగరు అనుకున్నాను. రెండు. నిజానికి అందులో పొగరు లేదు. అలా అనుకోవడం ఆ పూట నాకు అవసరమైంది.

లేచేముందు ఆయనే ఒక ప్రశ్న వేశాడు. "సార్, బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నారా? ఇలాంటప్పుడు మర్చిపోతారు."

"నాకు బీపీ అని మీకెవరు చెప్పారు?"

"అమ్మగారు చెప్పారు."

నోటుబుక్కు మూశాను. ఆయన వెళ్ళాక కూడితే యాభై నాలుగు వచ్చింది. మళ్ళీ కూడాను. కూడిక సరిగ్గానే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పెద్దల పిల్లలకు మార్కులు కలపమని ఎంతమంది అడిగినా కలపలేదు. ఒళ్ళు మండించిన పిల్లలకు కూడా ఒక్క మార్కు కొయ్యలేదు. ఆ వేసవిలో ఒక టైలరుకు దగ్గర దగ్గర ముప్పై మార్కులు కోశాను.

అక్కయ్య నా వెనక నిలబడి ఆ పేజీ చూసింది. "అంతేనా వచ్చింది?" అంది.

"అంతే."

"ఆయన్ని చూసి ఎందుకురా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటావు? పాపం, నోట్లో సూదులు పెట్టుకుని బతికే మనిషి."

ఆ సూదులే నా బాధ. నోరు మూసుకుని పని చేసుకునే వాడి ముందు ఎవరైనా ఏదైనా చెప్పుకుంటారు. మా ఇంట్లో కూడా ఒక నోరు మూసుకున్న మనిషి ఉన్నాడు. ఆయన పేపర్ల మీంచి తల ఎత్తేవాడు కాదు. అంతే తేడా.

*

డ్రిల్లు మాస్టారు ఫారం పట్టుకుని వచ్చిన రోజు ఉక్కగా ఉంది. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా వాటి మీద తన ఈల పెట్టాడు. చకచకా నింపుకుంటూ పోయాడు. గుర్తింపు చిహ్నం దగ్గర నా మొహం వైపు ఒకసారి చూసి, "గడ్డం మీద మచ్చ" అని రాసేశాడు. అది పొద్దున గడ్డం గీసుకుంటుంటే తెగిన గాటు.

ఆరోగ్యం పేజీ వచ్చింది.

"బీపీ, షుగరు... లేవు" అంటూ రాయబోయాడు.

"బీపీ ఉంది. నాలుగేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నాను."

"మాత్ర వేసుకుంటే ఉండదుగా! ఉండకూడదనేగా వేసుకునేది?" అని పెద్దగా నవ్వాడు. "గురువుగారూ, ఉందని రాశామనుకోండి, డాక్టరంటారు, పరీక్షలంటారు, ప్రీమియం పెంచుతారు. లేదని ఒక్క ముక్క రాస్తే వారంలో పాలసీ మీ చేతిలో ఉంటుంది. మన స్టాఫులో అందరికీ అంతేగా చేసింది. మీ ఇష్టం. నా మాట మీద నమ్మకం ఉంటే సంతకం పెట్టండి, లేదంటే ఆలోచించుకోండి. రేపు వచ్చి తీసుకుంటా."

ఆ గడిలో 'లేదు' అని రాసి వెళ్ళాడు.

ఆయన మెట్లు దిగీ దిగకముందే మా అమ్మాయి గదిలోంచి వచ్చింది. "నాన్నా, అలా రాస్తే తర్వాత ఇవ్వరంట. అబద్ధం రాసిన పాలసీ చిరిగిన గొడుగంట. ఎండలో పట్టుకు తిరగడానికేనట. సూదుల మామయ్య చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"అమ్మకి చెప్తుంటే విన్నా. మామయ్యతో రాయించుకోవచ్చుగా నాన్నా. అమ్మ కూడా..."

"అంత మామయ్య కావాలంటే వెళ్ళి మామయ్య దగ్గరే ఉండు!"

ఆ గొంతు నాదే. క్లాసులో కూడా ఎన్నడూ అంత పెద్దగా అరవలేదు. అది నా వైపు చూసింది. వాళ్ళమ్మ చూసినట్టే, ఏమీ అనకుండా. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్కయ్య బయటికి రాలేదు. నేను బల్ల దగ్గరే కూర్చున్నాను. ఎదురుగా ఫారం, సంతకం చెయ్యవలసిన చోట డ్రిల్లు మాస్టారు పెన్సిలుతో పెట్టిన ఇంటూ గుర్తు. అక్కడ సంతకం పెడితే నేను గెలుస్తాను. ఎవరి మీద గెలుస్తానో ఆలోచించాను. అక్కయ్య అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది. ఈ కాగితం పట్టుకుని నా కూతురు డ్రిల్లు మాస్టారి గుమ్మం ముందు నిలబడినట్టు ఊహించుకోబోయాను. ఆయన రెండు చెవులూ మూసుకుంటూ కనిపించాడు.

అరగంట ఆగి, దాన్ని తీసుకురావడానికి బయలుదేరాను.

*

కొట్టు చిన్నది. మెట్ల కింద కావడంతో లోపలికి వెళ్ళేకొద్దీ వంగాలి. గోడకు కుట్టిన బట్టలు, కుట్టవలసిన బట్టలు. మా అమ్మాయి మూల బల్ల మీద కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచుకు చేతికుట్టు వేస్తోంది. నన్ను చూసి తల దించుకుంది. ఆయన మిషను ఆపి, నోట్లో సూదులు అరచేతిలోకి తీసుకుని, చిన్న డబ్బాలో వేశాడు. నా కోసం ఆయన నోరు ఖాళీ చేయడం అదే మొదటిసారి.

"అమ్మడూ, ఎదురు కొట్లో గోధుమరంగు దారం ఒక రీలు పట్టుకురామ్మా."

బల్ల మీద ఆ రంగు రీళ్ళు మూడు కనిపిస్తున్నాయి. అది వాటి వైపు ఒకసారి చూసి వెళ్ళింది.

"సార్, మీకు ఒకటి ఇవ్వాల్సింది ఉండిపోయింది" అంటూ ఆయన వెనక కొక్కేనికి ఉన్న కోటు తీశాడు. మా ఆవిడది. జేబు మీద పోస్టాఫీసు గుర్తు. "బిగించమని ఇచ్చారు. మళ్ళీ రాలేదు."

"ఇంతకుముందు కూడా బిగించారా?"

ఆయన సొరుగులోంచి కొలతల పుస్తకం తీసి, ఒక పేజీ తిప్పి, నా వైపు జరిపాడు.

అంకెలు నాకు కొత్త కాదు. తేదీ, ఛాతీ, నడుము, చేతి పొడవు. ఒకదాని కింద ఒకటి నాలుగు వరసలు. కిందటి ఆగస్టు. నవంబరు. జనవరి మొదట్లో. జనవరి చివర. చేతి పొడవు మారలేదు. నడుము ముప్పై నాలుగు, ముప్పై రెండున్నర, ముప్పై, ఇరవై ఎనిమిదిన్నర. ఆ నెలల్లో నేను ఆమెకు ఎదురుగా కూర్చుని రోజుకు రెండు పూటలా భోంచేశాను. ఆ జనవరిలోనే ఒకరోజు, సన్నబడ్డావు, బాగున్నావు అన్నాను. ఆమె నవ్వింది.

"రెండోసారి వచ్చినప్పుడే అడిగా సార్, ఏంటమ్మా ఇలా తగ్గిపోతున్నారని. ఆఫీసులో పని ఎక్కువైందన్నారు. మూడోసారి డాక్టరుకి చూపించుకోమన్నా. చూపించుకుంటాలే అన్నారు. నాలుగోసారి నేను కోటు తీసుకుని పక్కన పెట్టేశా. డాక్టరు చీటీ చూపిస్తేనే దీని మీద సూది వేస్తా, అప్పటిదాకా ఆ రెండో కోటే వదులుగా వేసుకోండి అన్నా. నా మీద కోప్పడ్డారు. మర్నాడు వెళ్ళారు."

ఆ మర్నాడు నాకు గుర్తుంది. సాయంత్రం ఆమె బల్ల మీద ఏవో చీటీలు పెట్టి, రేపు పరీక్షలకు వెళ్ళాలి, తోడొస్తారా అంది.

"నాలుగోసారి అన్న మాట రెండోసారే అనాల్సింది" అన్నాడాయన. చేతిలో కోటును అనవసరంగా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "టేపు నా చేతిలో ఉంది. కొలత నా కళ్ళ ముందుంది. రెండు నెలలు ఊరుకున్నా. తప్పు నాది సార్. మీ ఇంటికొచ్చిన రోజే చెబుదామనుకున్నా. నోరు రాలేదు."

తప్పు కూడా తనదేనట. ఆమె పోయిన దగ్గర్నుంచీ నాదంటూ నాకు మిగిలింది ఆ ఒక్కటే అనుకుంటున్నాను. దాన్ని కూడా ఆయన నాకంటే ముందే తీసుకుని, నాకంటే లెక్కగా, తేదీలతో సహా రాసి పెట్టుకున్నాడు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆయన ఆ కోటును మూడోసారి మడతపెడుతున్నాడు. నా కోపం ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

అక్కడ ఒక స్టూలు ఉంది. దాని మీద కూర్చున్నాను.

"ఫారం ఉందా?" అన్నాను.

"దేనికి సార్?"

"నాకు."

ఆయన చేతులు తుడుచుకుని, మిషను మీద గుడ్డ కప్పి, దాని మీద ఫారం పెట్టాడు. మా అమ్మాయి దారం రీలుతో వచ్చి, గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ తన కుట్టు దగ్గర కూర్చుంది.

"పుట్టిన తేదీ?" చెప్పాను. "నాన్నగారు ఉన్నారా? ఏ వయసులో పోయారు? దేనితో?" చెప్పాను. "తోబుట్టువులు?" చెప్పాను. గుర్తింపు చిహ్నం దగ్గర ఆయన తల ఎత్తి ఆగాడు. చొక్కా చెయ్యి మడిచి, మోచేతి కింద గీత చూపించాను. "ఎలా తగిలింది?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఫారంలో లేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు సైకిలు మీంచి పడ్డానని, ఇంట్లో తిడతారని మూడు రోజులు పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరిగానని చెప్పాను. మూల బల్ల దగ్గర సూది ఆగింది. మా అమ్మాయికి ఆ కథ తెలియదు.

"బీపీ?"

"ఉంది. నాలుగేళ్ళుగా."

"మాత్ర?"

"ఈ నెల్లో చాలా రోజులు మానేశాను."

"అది ఫారానికి అక్కర్లేదు. రేపట్నుంచి వేసుకోండి" అన్నాడు. 'ఉంది' అని రాశాడు. "డాక్టరు పరీక్ష ఉంటుంది సార్. ప్రీమియం కొంచెం పెరుగుతుంది. ఆలస్యమూ అవుతుంది. నామినీ అమ్మడు. దానికి పద్దెనిమిది నిండేదాకా తన తరఫున తీసుకునేవాళ్ళ పేరు ఒకటి కావాలి. ఎవరిది?"

ఆ క్షణంలో ఆయన తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం చెప్పేవాణ్ణో.

"మా అక్కయ్యది" అన్నాను.

"మంచిది" అని రాశాడు.

సంతకం పెట్టాక గడియారం చూశాను. గంటంపావు పట్టింది. కోటును కాగితంలో చుట్టి ఇచ్చాడు. దారంతా అది నా చంకలో ఉంది. డ్రిల్లు మాస్టారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మర్నాడు ఆయన వస్తే ఆలోచించుకున్నానని మాత్రం చెప్పి, ఆయన ఈల ఆయనకిచ్చి పంపించాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మామూలే.

కొట్టు దాటి మలుపు తిరిగాక మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను అరిచినందుకు క్షమించమని అడుగుదామని గొంతు సవరించుకున్నాను. అదే ముందు మాట్లాడింది.

"అయిపోయిందా నాన్నా? మొత్తం?"

"అయిపోయింది. ఫారమేగా."

"అమ్మకి మూడు రోజులు పట్టింది."

"ఫారం నింపడానికా?"

"ఏమో. మూడు రోజులూ లంచిలో అక్కడికే వచ్చేదట. మూడో రోజు మాకు ఒంటిపూట బడి. నేను వెళ్ళేసరికి ఆ స్టూలు మీదే కూర్చుని చెప్తూనే ఉంది. మామయ్య నోట్లో సూదులు పెట్టుకుని ఊఁ కొడుతున్నాడు. అమ్మ ఒకటే నవ్వడం."

దానికి అంతకంటే తెలియదు.

బడులు తెరిచే వారం పాలసీ వచ్చింది. మా ఆవిడ క్లెయిము కూడా ఆయనే తిరిగి పూర్తి చేశాడు, ఆ డబ్బు పిల్ల పేరున వేశాం. అక్కయ్య తన ఇంటికి వెళ్ళింది. నోటుబుక్కులో యాభై నాలుగు కొట్టేసి, ప్రశ్న ప్రశ్నకూ మళ్ళీ దిద్దాను. ఎనభై మూడు వచ్చింది. దానికింద తేదీ వేసి సంతకం చేశాను. ఆయన నెలకోసారి ఏదో వంకతో వస్తాడు. ఇప్పుడు కుర్చీలో వెనక్కి జారబడి కూర్చుంటాడు. నేనే టీ పెట్టి ఇస్తాను. వానల గురించీ, మా అమ్మాయి చదువు గురించీ, నా మాత్రల గురించీ మాట్లాడుకుంటాం. ప్రతిసారీ ఆయన గ్లాసు కింద పెట్టి లేచేదాకా ఆ ప్రశ్న నా నాలుక మీదే ఉంటుంది.

నా ఫారానికి గంటంపావు పట్టింది. తతిమ్మా రెండు రోజులూ ఆమె ఆయనతో ఏం చెప్పుకుందో నేనింకా అడగలేదు.